నేల దగ్గర గాలిని కొలవడం ఎలా: జిల్లేడు దూది నుంచి అల్ట్రాసోనిక్ దాకా

ఫోన్లో వెదర్ యాప్ తెరిస్తే గుంటూరులో గాలి గంటకు 14 కిలోమీటర్లు అని ఉంటుంది, అదే సమయానికి మిరప చేలో నిలబడి చూస్తే ఆకు సరిగా కదలదు. కొంతమంది యాప్ తప్పు చెబుతోందని పక్కన పెట్టేస్తారు, కొంతమంది యాప్‌నే నమ్మి ఆ పూట మందు కొట్టడం మానుకుంటారు. రెండూ తొందరపాటే. యాప్ చెప్పేది నేలకు 10 మీటర్ల పైన, అంటే దాదాపు మూడంతస్తుల మేడ ఎత్తులో, కొన్ని కిలోమీటర్ల ప్రాంతం మొత్తానికి కలిపి కంప్యూటర్ వేసిన లెక్క. మీరు నిలబడింది నడుము ఎత్తు చేలో, ఒక్క చోట. అక్కడ గాలి ఎంతో తెలియాలంటే మీరే కొలుచుకోవాలి. అందుకు ఉన్న పద్ధతులేంటి, ఏది ఎంత గాలికి పనికొస్తుంది, ఒకదాన్ని ఇంకోదానితో ఎలా పోల్చాలి అన్నది వరసగా చెబుతాను. మందు కొట్టే రైతులకీ డ్రోన్ నడిపే కుర్రాళ్లకీ, విజయవాడలో మేడ మీద వాతావరణ స్టేషన్ పెట్టుకున్నవాళ్లకీ, ప్రాజెక్టు చేసే విద్యార్థులకీ పనికొస్తుంది.

ముందు, ఎందుకు కొలుస్తున్నారు?

ఇది తేల్చుకోకుండా పరికరం కొనకండి. మందు పిచికారీకి అయితే మీకు కావలసింది పైరు తల మీద అర మీటరు ఎత్తులో గాలి, అదీ గంటకు 3 నుంచి 15 కిలోమీటర్ల మధ్య ఉందా లేదా అన్నది. పైరుకి రోజుకి ఎంత నీరు కావాలో లెక్క కట్టడానికైతే 2 మీటర్ల ఎత్తు, ఎందుకంటే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో ఇచ్చిన పెన్మన్–మాంటీత్ లెక్క ఆ ఎత్తు గాలినే అడుగుతుంది. రేకుల షెడ్డు, దుగ్గిరాల–కొల్లిపర వైపు అరటి తోటలు, తుపాను గాలి, వీటికి సగటు కంటే విసురు ముఖ్యం, ఎందుకంటే గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది, వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. గాలిమరతో కరెంటు తీద్దామనుకుంటే ఇంకా జాగ్రత్త, అక్కడ శక్తి వేగానికి ఘనంగా ఉంటుంది కాబట్టి వేగంలో 20 శాతం ఎక్కువ చూపించే మీటరు మీ కరెంటు లెక్కని 70 శాతానికి పైగా పెంచి చూపిస్తుంది.

చోటు, ఎత్తు

పరికరం మంచిదా కాదా అన్నదానికంటే దాన్ని ఎక్కడ పెట్టారన్నదే అంకెని ఎక్కువ మారుస్తుంది. నేల గాలిని పట్టి ఆపుతుంది, పైకి వెళ్లేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. ముప్పావు మీటరు ఎత్తున్న మిరప చేను తీసుకుందాం. చేను చాలా దూరం పరుచుకుని ఉండి, మబ్బు పట్టి, గాలి ఒక మోస్తరుగా ఉన్న రోజున, పైరు తలకి అర మీటరు పైన ఉండే గాలి 10 మీటర్ల ఎత్తు గాలిలో సుమారు 45 శాతమే. అంటే యాప్‌లో 14 ఉంటే మీ నాజిల్ దగ్గర 6 చిల్లర. సరిగ్గా ఆకుల ఎత్తులో అయితే 3 దగ్గరికి పడిపోతుంది. అందుకే ఆకు కదలలేదు.

ఈ నిష్పత్తి రోజంతా ఒకేలా ఉండదు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఎండ మండే మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి పైకీ కిందికీ కలిసిపోతుంది, పైనున్న వేగం కింది దాకా దిగుతుంది. రాత్రి, తెల్లవారుజామున నేల చల్లబడి పైగాలికీ కిందిగాలికీ సంబంధం తెగిపోతుంది, పైన 12 ఉన్నా చేలో సున్నా ఉండొచ్చు. కాబట్టి ఒక సాయంత్రం కొలిచిన నిష్పత్తిని తెల్లవారుజామున వాడకండి.

అడ్డాల సంగతి. చెట్టు గానీ ఇల్లు గానీ ఎంత ఎత్తుంటే దానికి కనీసం పదింతల దూరంలో కొలవాలి. మన దగ్గర గట్ల వెంట సుబాబుల్ ఎక్కువ కదా, 8 మీటర్ల సుబాబుల్ వరస ఉంటే 80 మీటర్లు జరగాలి. అంత పొలం లేదంటే గాలి వచ్చే వైపు అడ్డం లేకుండానైనా చూసుకోండి. మేడ మీద పెట్టేవాళ్లు పిట్టగోడ పక్కన, నీళ్ల ట్యాంకు పక్కన అస్సలు పెట్టొద్దు. గాలి మేడ అంచుకి తగిలి పైకి లేచి, అక్కడ ఒక చోట బలంగా, నాలుగడుగుల అవతల వెనక్కి తిరిగి వీస్తుంది. మేడ మధ్యలో, స్తంభం ఎంత ఎత్తు పెట్టగలిగితే అంత మంచిది, అయినా అది మేడ గాలే గానీ వీధి గాలి కాదని గుర్తుంచుకోండి.

కంటితో అంచనా

బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో రాసుకున్న స్కేలు ఇది, ఆయన సముద్రానికి రాసుకున్నా నేలకి కూడా గుర్తులు ఏర్పడ్డాయి. పొగ నిట్టనిలువుగా లేస్తే గాలి లేనట్టే. పొగ ఒక పక్కకి వాలి, ఆకులు మాత్రం కదలకపోతే గంటకు 1–5 కిలోమీటర్లు. ముఖానికి గాలి తగులుతూ ఆకులు గలగలమంటే 6–11. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా ఊగుతూ పల్చటి జెండా విచ్చుకుంటే 12–19. దుమ్ము, కాగితాలు లేస్తే 20–28. ఆకులున్న చిన్న చెట్లు మొత్తంగా ఊగడం మొదలైతే 29–38. గొడుగు పట్టుకోవడం కష్టమైతే 39 దాటినట్టు.

దీన్ని చిన్నచూపు చూడొద్దు, సాధన ఉన్నవాళ్లు ఒక మెట్టు తేడాలో సరిగ్గా చెబుతారు. కాకపోతే అంచనా వేసేటప్పుడు ఏ చెట్టుని చూస్తున్నారో చూసుకోండి. రావి ఆకు చిన్న గాలికే గలగలమంటుంది, దాని కాడ అలాంటిది. తాటి మట్ట అంత తేలిగ్గా కదలదు. ఎప్పుడూ ఒకే చెట్టుని చూసి అంచనా వేయడం మేలు. పైగా చెట్టు తల ఉన్నది ఆరేడు మీటర్ల పైన, అది చెప్పేది ఆ ఎత్తు గాలి గురించే.

మెల్లటి గాలికి అగరుబత్తి, జిల్లేడు దూది

గంటకు 5 కిలోమీటర్ల లోపు గాలి దగ్గర చవక మీటర్లన్నీ తడబడతాయి, మందు కొట్టేవాళ్లకి ముఖ్యమైనది ఆ గాలే. ముందు అగరుబత్తి వెలిగించి పైరు తల ఎత్తులో పట్టుకోండి. పొగ చెదిరిపోతూ ఒక వైపు వెళితే మంచిది. పొగ చెదరకుండా సన్నటి నాడాలా పైరు మీద పడుకుని మెల్లగా జారిపోతుంటే మాత్రం మందు కొట్టొద్దు. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి మూతలా కూర్చుందని అర్థం. మంచు పట్టే డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో కృష్ణ ఒడ్డున పొలాల్లో ఇది బాగా కనిపిస్తుంది. గాలి లేదు కదా అని అప్పుడు కొడితే సన్న తుంపర కింద పడకుండా గాలిలోనే తేలుతూ పక్క చేలోకి, ఊళ్లోకి పోతుంది. నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి మిరపకి పిచికారీలు పెరిగాయి కాబట్టి ఈ ఒక్క పరీక్ష అయినా అలవాటు చేసుకోమని గట్టిగా చెబుతాను.

ఇక వేగం. ఎండాకాలంలో జిల్లేడు కాయ పగిలి వచ్చే దూది తీసుకోండి. గింజని గిల్లి పారేసి, పట్టు లాంటి ఆ కుచ్చు ఒక్కటే ఉంచుకోండి, గింజ ఉంటే బరువుకి త్వరగా దిగిపోతుంది. గాలి వెళ్లే దిశలో 5 మీటర్ల దూరానికి రెండు కర్రలు పాతండి. మొదటి కర్రకి ఒక అడుగు వెనక నుంచి, అరచేయి చాపి, ఊదకుండా, కుచ్చుని గాలికి వదలండి. అది మొదటి కర్ర దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి, రెండోది దాటగానే ఆపండి. 4 సెకన్లు పట్టిందనుకోండి, సెకనుకు 1.25 మీటర్లు, 3.6తో గుణిస్తే గంటకు 4.5 కిలోమీటర్లు. కుచ్చు పైకి ఎగిరిపోయినా, పక్కకి తిరిగినా, పైరుకి తగిలినా ఆ సారి లెక్కలోకి తీసుకోవద్దు. ఇలా ఒక పది సార్లు వదిలి, వచ్చిన సమయాల్ని చిన్నది నుంచి పెద్దదానికి పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్న రెండింటి సగటు తీసుకోండి. దూది దొరకని రోజుల్లో సబ్బు బుడగలతో చేయొచ్చు. గాలి 8 కిలోమీటర్లు దాటితే చెయ్యి స్టాప్‌వాచ్ మీద అంత వేగంగా పడదు, అప్పుడు దూరం పెంచాలి, పెంచితే కుచ్చు దారి తప్పుతుంది. అంతవరకే దీని పని.

దారం, టేబుల్ టెన్నిస్ బంతి

స్కూలు పిల్లలతో చేయించడానికి ఇంతకంటే మంచిది లేదు. 40 మిల్లీమీటర్ల బంతి, బరువు 2.7 గ్రాములు, దానికి ఒక అడుగు కుట్టు దారం అంటించి, జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్ని తిరగేసి దాని మధ్య రంధ్రానికి కట్టండి. చదును అంచు పైన ఉండాలి, నేలకి సమాంతరంగా ఉండాలి. గాలి లేనప్పుడు దారం 90 దగ్గర వేలాడుతుంది. అక్కడి నుంచి 10 డిగ్రీలు జరిగితే గాలి సుమారు 13, 20 జరిగితే 19, 30 జరిగితే 24, 45 జరిగితే 32 కిలోమీటర్లు. ఇవి బంతి బరువుని, దాని మీద గాలి తోపుని పోల్చి కట్టిన లెక్కలు, ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. 8 కిలోమీటర్ల గాలికి దారం మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే జరుగుతుంది, అంత చిన్న తేడా ఊగుతున్న బంతిలో కనపడదు. కాబట్టి సంక్రాంతి గాలిపటాల గాలికి ఇది చాలు, మందు పిచికారీకి పనికిరాదు.

చేతిలో పట్టుకునే ఫ్యాన్ మీటరు

ఆన్‌లైన్లో రెండు మూడు వేల రూపాయల లోపే దొరుకుతుంది, రైతుకి నేను మొదట కొనమనేది ఇదే. చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద అంకె వస్తుంది. కానీ పట్టుకోవడంలోనే అంతా ఉంది. గాలికి ఎదురుగానో వీపు పెట్టో నిలబడకండి, మీ ఒళ్లే అడ్డం. గాలి మీ పక్క నుంచి వచ్చేలా నిలబడి, చెయ్యి పూర్తిగా చాచి, ఫ్యాన్ ముఖం సరిగ్గా గాలికి ఎదురుగా పెట్టండి. పక్కకి తిరిగితే తక్కువ చూపిస్తుంది. ఫ్యాన్ పక్కన చిన్న దారపు పోగు కట్టుకుంటే గాలి ఎటు తిరిగిందో అదే చెబుతుంది. యావరేజ్ మోడ్‌లో పెట్టి కనీసం రెండు నిమిషాలు ఆగండి, తెర మీద ఒక్కసారి మెరిసిన పెద్ద అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దు. కొనేటప్పుడు ఎంత ఎక్కువ వేగం కొలుస్తుందో కాదు, ఎంత తక్కువ గాలికి తిరగడం మొదలవుతుందో అడగండి. యూనిట్ కూడా చూసుకోండి, మీటర్లు పర్ సెకండ్ అని ఉన్న 4, గంటకు 14 కిలోమీటర్లు పైనే.

మూడు గిన్నెల అనిమోమీటర్

స్తంభం మీద తిరుగుతూ కనిపించేది ఇదే. ఐర్లండ్‌లో అర్మా అబ్జర్వేటరీ నడిపిన థామస్ రాబిన్సన్ 1846లో నాలుగు గిన్నెలతో చేశారు, కెనడాలో జాన్ ప్యాటర్సన్ 1926లో మూడు గిన్నెలు మేలని చూపించారు, ఇప్పటికీ అదే రూపం. గిన్నెలు ఎప్పుడైనా గాలి వేగంలో మూడో వంతుతో తిరుగుతాయని రాబిన్సన్ అనుకున్నారు, అది నిజం కాదని, గిన్నె సైజుని బట్టి, చేతి పొడవుని బట్టి మారుతుందని తర్వాత తేలింది. ఇంట్లో స్టీలు గరిటెలతో తయారుచేసేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి, సూత్రంతో స్కేలు వేయడం కుదరదు, పోల్చే వేయాలి.

దీని గొప్ప సుఖం ఏంటంటే గాలి ఎటు నుంచి వచ్చినా తిప్పి పెట్టక్కర్లేదు, రోజులకి రోజులు వదిలేయొచ్చు. లోపాలు రెండు. మెల్లటి గాలికి బేరింగ్ రాపిడి వల్ల కదలదు, సాధారణంగా సెకనుకి అర మీటరు నుంచి ఒక మీటరు గాలి వస్తే గానీ మొదలవదు, అంటే ఆ లోపు గాలంతా సున్నా అని రాసుకుంటుంది. రెండోది, విసురు రాగానే త్వరగా వేగం అందుకుంటుంది, విసురు తగ్గాక మాత్రం అంత త్వరగా ఆగదు, అందుకే విసురులు ఎక్కువున్న రోజు సగటు కొంచెం ఎక్కువ వస్తుంది. కల్లాల దుమ్ము, మిర్చి దుమ్ము బేరింగులోకి వెళితే మెల్లటి గాలికి ఇంకా మొద్దుబారుతుంది. నెలకోసారి గిన్నెని వేలితో మెల్లగా తోసి చూడండి, నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగాలి, టక్కున ఆగిందంటే శుభ్రం చేయాలి.

అల్ట్రాసోనిక్, వేడి తీగ, పిటో గొట్టం

అల్ట్రాసోనిక్‌లో తిరిగేది ఏమీ లేదు. రెండు చిన్న ముక్కల మధ్య శబ్దం అటూ ఇటూ పంపి, గాలితో పాటు వెళ్లిన శబ్దానికీ ఎదురెళ్లిన శబ్దానికీ పట్టిన సమయంలో తేడా చూస్తుంది. ముక్కల మధ్య 15 సెంటీమీటర్లు ఉండి గాలి సెకనుకు 3 మీటర్లైతే ఆ తేడా 7 మైక్రోసెకన్లు, అంటే సెకనుని పది లక్షల భాగాలు చేస్తే అందులో ఏడు. ఎండ 45 డిగ్రీలున్నా చలికాలమైనా లెక్క మారదు, ఎందుకంటే రెండు వైపుల సమయాలూ తీసుకుంటే ఉష్ణోగ్రత ప్రభావం కొట్టుకుపోతుంది. దిశ కూడా అదే చెబుతుంది, మెల్లటి గాలికీ పనిచేస్తుంది. వాన చుక్కలు ముక్కల మీద నిలిస్తే, పిట్ట వచ్చి వాలితే పిచ్చి అంకెలు వస్తాయి, ఖరీదూ ఎక్కువే. నలుగురు రైతులు కలిసి గానీ కాలేజీ గానీ ఒకటి పెట్టుకుంటే మిగతా చవక మీటర్లన్నిటికీ అదే కొలబద్ద అవుతుంది.

వేడి తీగ మీటరు గాలి తీగని ఎంత చల్లబరిచిందో చూసి వేగం చెబుతుంది, మెల్లటి గాలిలో చాలా బాగుంటుంది కానీ ఏసీ డక్టులకి తగినది, మన దుమ్ముకి తట్టుకోదు. గాలి ఒత్తిడిని బట్టి వేగం చెప్పే, విమానాల్లో ఉండే పిటో గొట్టాన్ని పొలానికి తేవొద్దు, సెకనుకు 3 మీటర్ల గాలికి అది చూడాల్సిన ఒత్తిడి 5 పాస్కల్స్, గాలి మొత్తం ఒత్తిడిలో ఇరవై వేలో వంతు.

ఇప్పుడు పోల్చడం

మీ దగ్గరున్న పద్ధతుల్ని ఒకే ఎత్తులో, ఒకదానికొకటి రెండు మీటర్ల దూరంలో, గాలికి అడ్డంగా ఒక వరసలో పెట్టండి. ఒకదాని వెనక ఒకటి ఉంటే ముందున్నది వెనకదాన్ని చెడగొడుతుంది. అన్నీ ఒకే గడియారంతో మొదలుపెట్టి పది నిమిషాల సగటు తీసుకోండి, వాతావరణ శాస్త్రంలో ప్రామాణికం అదే. విసురు అంటే 3 సెకన్ల సగటులో అన్నిటికంటే పెద్దది. సగటు ఎన్ని నిమిషాలదో తెలియకుండా రెండు అంకెల్ని పోల్చొద్దు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిగ్‌జాం తుపాను తీరం దాటినప్పుడు 90–100 కిలోమీటర్ల గాలి, 110 దాకా విసురులు అని రెండు అంకెలు వేరువేరుగా చెప్పింది అందుకే. తుపాను గాలికి మన వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు వాడుతుంది, అమెరికా వాళ్లది ఒక నిమిషం, కాబట్టి ఒకే తుపానుకి వాళ్ల అంకె పెద్దదిగా కనిపిస్తుంది.

నోట్‌బుక్‌లో తేదీ, సమయం, దిశ, ఎండా మబ్బా, ఒక్కో పద్ధతి అంకె, అంతే. ఒక్క పూటలో ముగించొద్దు. తెల్లవారుజాము నిశ్శబ్దం, మే నెల మధ్యాహ్నం పడమటి వడగాలి, సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి, మూడూ మీ నోట్‌బుక్‌లో ఉండాలి. తర్వాత అంకెల్ని 0–5, 5–10, 10–20, 20 పైన అని విడగొట్టి ఒక్కో గుంపులో ఒక్కో మీటరు కొలబద్దకి ఎంత ఎక్కువ తక్కువ చూపిందో చూడండి. అన్నీ కలిపి సగటు తీస్తే మెల్లగాలిలో తక్కువ, విసురు గాలిలో ఎక్కువ చూపే మీటరు కూడా చాలా మంచిదానిలా కనిపిస్తుంది.

దిశకి మామూలు సగటు పనిచేయదు. ఉత్తరానికి అటూ ఇటూ ఊగే గాలి ఒకసారి 350, ఒకసారి 10 డిగ్రీలు చూపిస్తే సగటు 180 వస్తుంది, అంటే దక్షిణం, పూర్తిగా తలకిందులు. ఏ దిశ ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకుని ఎక్కువసార్లు వచ్చింది రాసుకోండి.

కొలబద్దే లేకపోతే బండి మీద సరిచూసుకోవచ్చు. గాలి లేని తెల్లవారుజామున, రద్దీ లేని కాలువ గట్టు రోడ్డు మీద, వెనక కూర్చున్నవాళ్లు మీటరుని పీవీసీ పైపుకి కట్టి తలకి బాగా పైన పట్టుకోవాలి, ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. ఫోన్ జీపీఎస్ వేగం 10, 20, 30 దగ్గర నిలకడగా ఉంచి రాసుకోండి, స్పీడోమీటర్ని నమ్మొద్దు. అదే దారిలో వెనక్కి కూడా నడపండి. రెండు దిక్కుల అంకెల సగటు తీసుకుంటే ఉన్న కొద్దిపాటి గాలి కొట్టుకుపోతుంది.

చివరిగా గన్నవరం, అంటే విజయవాడ విమానాశ్రయం. విమానాశ్రయాల నివేదికలో గాలికి ఐదంకెలు ఉంటాయి. మొదటి మూడూ గాలి ఎటు నుంచి వస్తుందో డిగ్రీల్లో, తర్వాతి రెండూ నాట్లలో వేగం. 24008 అంటే నైరుతి, పడమరల మధ్య నుంచి 8 నాట్లు, 1.852తో గుణిస్తే గంటకు 15 కిలోమీటర్లు దగ్గర. అది చదునైన చోట 10 మీటర్ల ఎత్తు గాలి. మీ నోట్‌బుక్‌లో అదే సమయానికి గన్నవరం అంకె పక్కన రాస్తూ పోండి, దాంతో మీ చేలో అంకెని భాగించి, ఉదయానికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, పైరగాలికి ఒకటి నిష్పత్తి వేసుకోండి. గుంటూరుకి పడమర పక్క పొలాలైతే గన్నవరం దూరమవుతుంది, పైరగాలి అక్కడికీ ఇక్కడికీ ఒకే సమయానికి రాదు, సాయంత్రం నిష్పత్తిని ఆ రోజు చేలో మీటరు చూసుకున్నాకే వాడండి. పైరు ఎదిగేకొద్దీ కూడా నిష్పత్తి మారుతుంది, నాటినప్పటిది కాపు సమయానికి పనికిరాదు, నెలకోసారి మళ్లీ వేసుకోండి.